క్యోటోలో ఎక్స్చేంజ్: తిండి, ఊరు చూడటం గురించి మన బెజవాడ, గుంటూరు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు. బీటెక్ మూడో ఏడాదిలో స్టూడెంట్ ఎక్స్చేంజ్ మీద జపాన్‌లోని క్యోటోకి వెళ్లి, ఏప్రిల్ నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా ఉన్నాను. వచ్చాక ప్రతి బ్యాచ్ నుంచీ ఫోన్లు, మెసేజీలు వస్తూనే ఉన్నాయి. అడిగే మనుషులు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం అవే. అందుకని అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరుసగా చదవక్కర్లేదు.

వీసా, ఫీజులు, క్రెడిట్ల సంగతి మీ కాలేజీ వాళ్లు చెబుతారు. ఇక్కడ తిండి, తిరుగుడు మాత్రమే. చాలామంది నెలల తరబడి గదిలో ఆవకాయన్నం తిని, ఆఖరి వారంలో పది గుళ్లు పరుగు మీద చూసి వచ్చేస్తున్నారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

## బయల్దేరే ముందు

అక్కా, అమ్మ చికెన్ పచ్చడి పెట్టిస్తానంటోంది. తీసుకెళ్లొచ్చా?

వద్దు. అమ్మ ఎంత బతిమాలినా వద్దు. చికెన్, మటన్, ఏ మాంసంతో చేసినదైనా సరే, ఇంట్లో చేసినా షాపులో కొన్నా, పెట్టెలో పెట్టుకుని జపాన్‌లో దిగడానికి లేదు. చట్టంలో 3 ఏళ్ల దాకా జైలు, 30 లక్షల యెన్ల దాకా జరిమానా ఉంది. సామాను వచ్చే చోట కుక్కలు పెట్టెల చుట్టూ వాసన చూస్తూ తిరుగుతాయి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు కూడా వద్దు. ఆవకాయ, గోంగూర, కంది పొడి, కారప్పొడి లాంటివి షాపులో సీల్ చేసిన ప్యాకెట్లలో తీసుకోండి. మీద పేర్లు ఉంటాయి కాబట్టి ఎవరైనా అడిగితే చూపించి చెప్పడం తేలిక.

మిగతా సామాను ఏం పెట్టుకోవాలి? సూట్‌కేస్‌లో సగం తిండే అవుతోంది.

బియ్యం, పప్పులు మోయకండి. ఇంగువ, చింతపండు, ఆవాలు, ఎండుమిరపకాయలు కొద్దికొద్దిగా పెట్టుకోండి. రెండు పచ్చళ్లు, ఒక పొడి. అంతే. మన మసాలా సామాన్లు అమ్మే షాపులు అక్కడా ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. నేను 9 కిలోల తిండి మోసుకెళ్లాను. నాలుగు నెలలు దాని మీదే బతికి, ఎదురుగా ఉన్న ఊరి రుచి తెలుసుకోవడంలో ఆలస్యం చేశాను. ఆ నాలుగు నెలలు మళ్లీ రావు కదా.

ఏప్రిల్‌లో వెళ్తే మంచిదా, అక్టోబరులోనా?

చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్లు ఏప్రిల్‌లో, అక్టోబరు చుట్టుపక్కల మొదలవుతాయి. ఏప్రిల్‌లో దిగితే సకురా (చెర్రీ) పూల చివరి రోజులు అందుతాయి. జూన్‌లో ముసురు పడుతుంది, జూలైలో గియోన్ పండగ, ఆగస్టులో కొండల మీద మంటల పండగ. అక్టోబరులో దిగితే నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఎర్రబడిన మేపుల్ చెట్లు చూస్తారు. ఆ తర్వాత చలి. క్యోటో చుట్టూ మూడు వైపులా కొండలే. ఎండాకాలం ఉక్క బెజవాడని గుర్తు చేస్తుంది, చలికాలం మాత్రం ఎముకలు కొరుకుతుంది. ఒక్క సెమిస్టరే అయితే నేను ఏప్రిల్ అంటాను. పండగల్లో ఊరు బయటికొస్తుంది, కొత్తవాళ్లకి కలిసిపోవడం సులువు.

జపనీస్ ఒక్క ముక్క రాదు. ఒంటరిగా హోటల్‌కి వెళ్లి తినగలనా?

తినగలరు. చాలామటుకు చిన్న హోటళ్ల బయట అద్దాల పెట్టెలో వంటకాల బొమ్మలు మైనంతోనో ప్లాస్టిక్‌తోనో చేసి పెడతారు. వేలు చూపిస్తే సరిపోతుంది. కొన్నిచోట్ల గుమ్మం దగ్గరే టికెట్ మెషిన్ ఉంటుంది. డబ్బు వేసి, బొమ్మ నొక్కి, చీటీ ఇస్తే చాలు. అయినా నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి. పిలవడానికి, క్షమించమనడానికి రెండింటికీ "సుమిమాసెన్". తినే ముందు "ఇతదాకిమాసు". తిన్నాక లేస్తూ "గొచిసోసమా". ఈ చివరి మాట చెప్పి చూడండి, లోపల వంట చేస్తున్న ఆయన తలెత్తి నవ్వుతాడు.

కతకానా అక్షరాలు మాత్రం వెళ్లే ముందే నేర్చుకోండి. రెండు వారాల పని. మెనూల్లో బయటినుంచి వచ్చిన మాటలన్నీ అందులోనే రాస్తారు. "కరే" అంటే కర్రీ అని చదవగలిగిన రోజున కలిగే ధైర్యమే వేరు.

## దిగిన మొదటి రెండు వారాలు

మొదటి రాత్రి ఏమీ తెలియదు, షాపులు ఎక్కడున్నాయో తెలియదు. ఏం తినాలి?

కొన్‌బినికి వెళ్లండి. అంటే 24 గంటలూ తెరిచి ఉండే చిన్న షాపు. సెవెన్ ఎలెవెన్, లాసన్, ఫ్యామిలీ మార్ట్ ఏదో ఒకటి నడిచే దూరంలోనే ఉంటుంది. ఒనిగిరి తీసుకోండి. మూడు మూలల అన్నం ముద్ద, చుట్టూ నోరి అనే సముద్రపు ఆకు, లోపల ఏదో ఒకటి కూరి పెడతారు. ఉప్పులో ఊరబెట్టిన ఉమె పండు పెట్టినది శాకాహారులకి మిగతావాటికంటే నయం. దాని పేరు "ఉమెబోషి". పులుపు, ఉప్పు కలిసి ఎండు ఉసిరికాయ బుగ్గన పెట్టుకున్నట్టు ఉంటుంది. కవరు మీద 1, 2, 3 అంకెలు ఉంటాయి, ఆ వరుసలోనే చింపాలి. లేదంటే ఆకు కవర్లోనే ఉండిపోయి అన్నం చేతిలోకొస్తుంది.

కార్డులు నడుస్తాయా, క్యాష్ ఉంచుకోవాలా?

రెండూ. రైలు, బస్సు, కొన్‌బిని అన్నిటికీ ఇకోకా కార్డు ఒకటి తీసుకుని డబ్బు వేసుకోండి. చిన్న హోటళ్లు, గుళ్ల టికెట్లు, సంతలు చాలావరకు క్యాష్ మీదే నడుస్తాయి. టిప్ ఇవ్వకండి. బల్ల మీద చిల్లర వదిలేసి వస్తే, మర్చిపోయారనుకుని రోడ్డు మీద వెనకాల పరుగెత్తుకొస్తారు.

ఊరు చూడటం ఎక్కడ మొదలుపెట్టాలి? లిస్టు చాలా పెద్దగా ఉంది.

మొదటి ఆదివారం లిస్టు పక్కన పెట్టి కామో నది గట్టున నడవండి. బెజవాడ వాళ్లకి కృష్ణ ఎలాగో క్యోటో వాళ్లకి కామో అలాగ. కాకపోతే మనది ప్రకాశం బ్యారేజీ మీంచి చూసే నది, అది పాదాలు పెట్టుకుని కూర్చునే నది. మోకాలి లోతు నీళ్లు, రెండు పక్కలా నడక దారి. సాయంత్రం అయ్యేసరికి జంటలు, సాక్సోఫోన్ సాధన చేసే కుర్రాళ్లు, కుక్కల్ని తిప్పే పెద్దవాళ్లు, అందరూ అక్కడే.

దెమాచియనాగి దగ్గర రెండు ఏర్లు కలిసి కామో అవుతాయి. అక్కడ నది దాటడానికి తాబేళ్ల ఆకారంలో పెద్ద పెద్ద రాళ్లు వేశారు. ఒక్కో రాయి మీద గెంతుకుంటూ అవతలికి పోవచ్చు. పక్కనే దెమాచి ఫుతాబా అనే మిఠాయి షాపు, ఎప్పుడు చూసినా క్యూ. ఎర్ర బఠాణీలు పొదిగిన మోచి (బియ్యపు ముద్ద మిఠాయి) కొనుక్కోండి. అయితే నది ఒడ్డున తినేటప్పుడు పైకి చూస్తూ ఉండండి. మొదటి వారంలోనే నేను బన్ను ఒకటి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వెనకనుంచి గాలి విసిరినట్టయింది, చెంపకి రెక్క తగిలింది, చేతిలో కాగితం తప్ప ఏమీ లేదు. గద్ద. అక్కడి గద్దలకి అది అలవాటే, హెచ్చరిక బోర్డులు కూడా పెట్టారు. చెట్టు కింద కూర్చుంటే అంత ప్రమాదం ఉండదు.

సైకిల్ కొనాలా?

కొనండి. ఊరు చాలావరకు చదునే. పాతది కొన్నా మీ పేరు మీద రిజిస్టర్ చేయించుకోండి. పోలీసులు ఆపి నంబరు చూస్తారు. నిలపకూడని చోట నిలిపితే ఎత్తుకెళ్లిపోతారు, డబ్బు కట్టి తెచ్చుకోవాలి. ఫోన్ చూస్తూ తొక్కితే 2024 నవంబరు నుంచి శిక్ష కూడా పెంచారు.

## రోజువారీ తిండి

నేను ప్యూర్ వెజ్. గుడ్డు కూడా తినను. ఉండగలనా?

ఉండగలరు. కానీ కళ్లు తెరుచుకుని ఉండాలి. అసలు చిక్కు మాంసం ముక్కలతో కాదు, దాషితో. దాషి అంటే దాదాపు ప్రతి పులుసుకీ, సాస్‌కీ అడుగున ఉండే రసం. ఎక్కువగా ఎండబెట్టి పొగబెట్టిన చేపని కాగితంలా తరిగి, మరిగించి తీస్తారు. ఆ ఎండు చేప పేరు కత్సుఓబుషి. మీ ఎదురుగా గిన్నెలో టోఫూ (సోయా పాల పనీర్ లాంటిది), ఆకుకూర తప్ప ఏమీ కనబడదు, అయినా చేప రసంలో ఉడికి ఉంటుంది. మీసో సూప్, ఉడోన్ (లావు నూడుల్స్) పులుసు, ఆఖరికి ఉడకబెట్టిన గుమ్మడికాయ కూర కూడా అంతే. "మాంసం లేదు కదా" అని అడిగితే వాళ్లు నిజాయితీగానే "లేదు" అంటారు. దాషి వాళ్ల దృష్టిలో నీళ్లలాంటిది. కాబట్టి సూటిగా అడగండి: "దాషి ని సకనా ఓ త్సుకత్తే ఇమాసు కా?" దాషిలో చేప వాడతారా అని అర్థం. "నికు మో సకనా మో తబెమాసెన్" అంటే మాంసం, చేప రెండూ తినను అని. ఈ రెండు వాక్యాలు ఫోన్‌లో జపనీస్ లిపిలో రాసి పెట్టుకుని చూపించండి.

క్యోటో ఒక విషయంలో మిగతా జపాన్ కంటే శాకాహారులకి నయం. అక్కడ బౌద్ధ ఆరామాల వంట ఉంది, పేరు షోజిన్ ర్యోరి. అందులో దాషి కొంబు అనే సముద్రపు ఆకుతో, ఎండు పుట్టగొడుగులతో తీస్తారు. మాంసం, చేప ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. మన ఇళ్లలో కార్తీక మాసపు వంట లాంటిదే. ఖరీదు ఎక్కువ, కాబట్టి నెలకోసారి పండగలా పెట్టుకోండి. నాన్‌జెన్‌జి గుడి చుట్టుపక్కల యుదోఫు పెట్టే హోటళ్లున్నాయి. వేడినీళ్లలో మెత్తటి టోఫూ, అంతే, దాని రుచి నిదానంగా తెలుస్తుంది. అక్కడా ముంచుకునే సాస్ గురించి అడగడం మర్చిపోవద్దు. యుబా అని ఇంకోటుంది. సోయా పాలు కాస్తుంటే పైన కట్టే మీగడని పుల్లతో పైకి తీస్తారు. మా అమ్మమ్మ పాల మీగడ తీసే తీరే గుర్తొచ్చింది నాకు.

రోజూ మాత్రం గదిలో వండుకోవాల్సిందే. రైస్ కుక్కర్ ఒకటి, సీనియర్లు వదిలేసి వెళ్లినది దొరుకుతుంది. టోఫూ, వంకాయలు, ముల్లంగి, క్యాబేజీ చవక. జపాన్ వంకాయ మెత్తన, గుత్తి వంకాయకి బ్రహ్మాండంగా సరిపోతుంది.

హలాల్ దొరుకుతుందా?

క్యోటోలో మసీదు ఉంది, హలాల్ రామెన్ నూడుల్స్ పెట్టే హోటళ్లూ ఉన్నాయి. కొన్ని యూనివర్సిటీ క్యాంటీన్లలో హలాల్ వంటకాలు విడిగా పెడతారు. మాంసం ఒక్కటే చూస్తే చాలదు. మిరిన్, సాకె అనే మద్యం లాంటివి వంటలో చాలా వాడతారు, పంది కొవ్వు బిస్కెట్లలో, బ్రెడ్‌లో కూడా ఉండొచ్చు. మసీదుకి వచ్చే సీనియర్లని అడిగితే ఏ షాపులో ఏది కొనాలో ఒక్క పూటలో చెప్పేస్తారు.

పచ్చి చేప తినాలంటే భయం. తినకపోతే అవమానంగా చూస్తారా?

ఎవరూ ఏమీ అనుకోరు. ముందు వండినవాటితో మొదలుపెట్టండి. ఓసాకా తకోయాకి మన పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. ఎందుకంటే ఆ పెనం అచ్చం మన గుంట పొంగనాల పెనమే. గుంటల్లో పిండి పోసి, మధ్యలో ఆక్టోపస్ ముక్క వేసి, పుల్లతో గుండ్రంగా తిప్పుతారు. ఆ తిప్పే వేగం చూస్తూ నేను పావుగంట నిలబడిపోయాను. లోపల సలసలా కాగుతూ ఉంటుంది, వెంటనే నోట్లో వేసుకోకండి. ఒకోనోమియాకి అంటే క్యాబేజీ దిబ్బరొట్టె అనుకోండి. కాకియాగె అయితే కూరగాయల పకోడీయే, కాకపోతే రొయ్యలు కలిసే అవకాశం ఉంది, అడగండి.

అక్కడి తిండి చప్పగా ఉంటుందట. గుంటూరు నాలుకకి ఆనుతుందా?

మొదటి నెల ఆనదు. నిజం చెప్పాలంటే మొదటి నెలంతా నాకూ అన్నీ చప్పగానే తోచాయి. ప్రతి దాని మీదా కారప్పొడి చల్లుకుని తిన్నాను. తర్వాత ఒకరోజు సీసా గదిలో మర్చిపోయి వెళ్లి ఉడోన్ తిన్నాను. అప్పుడు తెలిసింది ఆ పులుసులో పొగ వాసన ఉందని, చివర్లో చిన్న తీపి ఉందని. కారం నాలుకని కాసేపు వేరే రుచులకి మూసేస్తుంది. వారానికి రెండు పూటలు కారం లేకుండా తిని చూడండి, నెలలో తేడా తెలుస్తుంది.

మరీ ఉండలేకపోతే షిచిమి ఉంది. ఏడు రకాలు కలిపిన పొడి. మిరప, నువ్వులు, నారింజ జాతి తొక్క, సన్షో అనే ఘాటు మిరియం లాంటిది, ఇంకా కొన్ని. క్యోటో షిచిమిలో సన్షో వాసన ముందుకొస్తుంది, నాలుక కాస్త తిమ్మిరెక్కుతుంది. మన కారంతో పోల్చకండి, అది వేరే లెక్క.

నెలకి డబ్బు తక్కువ. చవగ్గా స్థానిక తిండి ఎలా తినాలి?

మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్‌లో తినండి. 500, 600 యెన్లలో అన్నం, సూప్, కూర వస్తాయి. రాత్రి ఏడున్నర, ఎనిమిది తర్వాత సూపర్ మార్కెట్‌కి వెళ్లండి. వండిన పెట్టెల మీద స్టిక్కర్లు వేయడం మొదలవుతుంది. "హన్‌గకు" అని ఉంటే సగం ధర. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల కింది అంతస్తులో ఉండే ఫుడ్ హాళ్లలోనూ మూసే ముందు తగ్గిస్తారు. బయట మంచి హోటల్లో తినాలనుంటే మధ్యాహ్నమే వెళ్లండి. రాత్రి 5000 యెన్లు తీసుకునే చోట మధ్యాహ్నం సెట్ భోజనం చాలా తక్కువకి పెడతారు.

చాప్‌స్టిక్స్ విషయంలో ఏమైనా తప్పులుంటాయా? చేత్తో తింటే?

రెండు తప్పులు అస్సలు చేయకండి. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవాళ్ల ముందు పెట్టే అన్నం. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముక్క అందించకూడదు, దహనం తర్వాత అస్థికలు అలా ఏరుతారు. మిగతా చిన్న పొరపాట్లని ఎవరూ పట్టించుకోరు. ఒనిగిరి, సుషి చేత్తో తినొచ్చు. నూడుల్స్ జుర్రుతూ తినడం తప్పు కాదు. నిషికి మార్కెట్‌లో మాత్రం నడుస్తూ తినొద్దంటారు, కొన్న షాపు ముందే తినేసి పుల్ల వాళ్లకే ఇచ్చేయాలి. వీధుల్లో చెత్త డబ్బాలు దాదాపు ఉండవు. బ్యాగులో ఖాళీ కవరు ఒకటి ఎప్పుడూ పెట్టుకోండి.

అక్కడివాళ్లతో పరిచయం ఎలా అవుతుంది? ఇండియన్ పిల్లలతోనే గడిచిపోతోంది.

ఒకే షాపుకి మళ్లీ మళ్లీ వెళ్లండి. మా వీధి చివర పచ్చళ్ల షాపుండేది. క్యోటో పచ్చళ్లకి పేరున్న ఊరు. షిబాజుకె అని వంకాయ, ఎర్ర షిసో ఆకు కలిపి ఊరబెడతారు, ఊదా రంగులో పుల్లగా ఉంటుంది. చలికాలంలో పెద్ద టర్నిప్ దుంపని పల్చటి బిళ్లలుగా తరిగి సెన్‌మైజుకె చేస్తారు. ఆ షాపు మామ్మగారు ప్రతిసారీ పుల్లకి గుచ్చి ఒక ముక్క రుచి చూపించేవారు. ఆరోసారో ఏడోసారో నేను చిన్న డబ్బాలో గోంగూర పచ్చడి తీసుకెళ్లాను. వేలి చివర అంత తీసుకుని నాలుక మీద పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని "సుప్పై!" అన్నారు, పుల్లగా ఉందని. తర్వాత మంచినీళ్లు తాగారు. తర్వాత ఇంకొంచెం అడిగి, ఏ ఆకు, ఎన్నాళ్లు నిలవుంటుంది, నూనె ఎందుకు అని ఫోన్ అనువాదంలో అరగంట ప్రశ్నలు వేశారు. ఆ రోజు నుంచి ఆ వీధిలో నేను "గోంగురా సాన్", అంటే గోంగూర గారు.

## ఊరు చూడటం

గుళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. నాలుగు చూశాక విసుగొచ్చింది. ఏం చేయాలి?

అన్నీ చూడాలని పెట్టుకోవద్దు. 794 నుంచి 1868 దాకా రాజధానిగా ఉన్న ఊరది, ఎంత చూసినా తరగదు. 1994లో యునెస్కో జాబితాకెక్కిన పాత క్యోటో కట్టడాలే 17. మన కళ్లతో చూస్తే ప్రాణం పోసుకునే మూడు చోట్లు చెబుతాను.

ఒకటి, తోజి గుడి. అయిదంతస్తుల చెక్క గోపురం దాదాపు 55 మీటర్లు, జపాన్‌లో చెక్క గోపురాల్లో అదే ఎత్తయినది. దాన్ని బయటినుంచే చూసి వచ్చేయకుండా ఉపన్యాస మందిరంలోకి వెళ్లండి. అక్కడి విగ్రహాల్లో హంసల మీద కూర్చున్నాయన బోన్‌తెన్. అంటే బ్రహ్మ. ఏనుగు మీద ఉన్నాయన తైషాకుతెన్. అంటే ఇంద్రుడు. ప్రతి నెలా 21న ఆ గుడి ఆవరణలో పెద్ద సంత జరుగుతుంది, పాత కిమోనోల దగ్గర్నుంచి వేడి వేడి తినుబండారాల దాకా.

రెండు, సంజూసాన్‌గెన్‌దో. 120 మీటర్ల పొడవు హాలు, 1266 నాటి కట్టడం. లోపల 1001 కన్నోన్ విగ్రహాలు వరుసలు తీరి ఉంటాయి. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడు. వాటి ముందు వరుసలో 28 మంది కాపలా దేవతలున్నారు. అందులో పక్షి ముఖంతో పిల్లనగ్రోవి ఊదుతున్న ఆయన పేరు కరురా. గరుడుడు! ఆ ఫలకం చదివి నేను అక్కడే నిలబడిపోయాను.

మూడోది అన్నిటికంటే నా మనసుకి దగ్గరిది. నిషి హొంగాన్‌జిలో రోజూ తెల్లవారుజామున 6 గంటలకి ప్రార్థన ఉంటుంది. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ షోషింగె అనే పాట పాడతారు. ఆ శాఖ గురువు షిన్‌రాన్ 13వ శతాబ్దంలో రాసినది. దాని మధ్యలో "నన్‌తెన్‌జికు" అనే మాట వస్తుంది, ఆ వెంటనే "ర్యూజు దైజి". దక్షిణ భారతదేశంలో నాగార్జునుడు పుడతాడని బుద్ధుడు చెప్పాడట, ఆ సంగతి అది. తమ ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడిగా ఆయన్ని తలుచుకుంటారు. డిసెంబరు చలిలో, చీకట్లో, పొగలు కక్కే ఊపిరితో అంతమంది మన నాగార్జునకొండ పేరులో ఉన్న ఆ మనిషిని తలుచుకుంటుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. స్కూల్ టూర్‌లో ఒక్కసారి లాంచీ ఎక్కి చూసొచ్చిన కొండ అది.

జనం లేకుండా ఫుషిమి ఇనారి చూడాలంటే?

ఆ కొండకి తలుపుల్లేవు, టికెట్ లేదు, 24 గంటలూ తెరిచే ఉంటుంది. పొద్దున్న ఆరింటికల్లా వెళ్లండి. ఎర్రటి తోరి ద్వారాలు వేలకొద్దీ మెట్ల వెంట పైదాకా ఉంటాయి. ఎక్కువమంది మొదటి మలుపులోనే ఫొటోలు దిగి వెనక్కి పోతారు. మీరు 233 మీటర్ల శిఖరం దాకా ఎక్కండి, మొత్తం తిరిగి రావడానికి రెండు మూడు గంటలు. ప్రతి ద్వారం మీదా దాన్ని ఇచ్చినవాళ్ల పేరు చెక్కి ఉంటుంది, మన గుళ్లలో మెట్ల మీద దాతల పేర్లున్నట్టే.

పండగలకి వెళ్లాలా? ఆ రద్దీ చూస్తే భయమేస్తోంది.

మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడ్డవాళ్లకి ఆ రద్దీ ఒక లెక్క కాదు. గియోన్ పండగ 869లో అంటురోగాలు ప్రబలినప్పుడు మొదలైందంటారు. ఊరేగింపులు జూలై 17న, 24న. పెద్ద రథాలు దాదాపు 25 మీటర్ల ఎత్తు, 12 టన్నుల దాకా బరువు. మలుపు దగ్గర నిలబడండి, మిగతా దారంతా వదిలేసినా పర్లేదు. ఆ చక్రాలు పక్కకి తిరగవు. కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి, నీళ్లు పోసి, విసనకర్రలు పట్టుకున్నవాళ్లు పైనుంచి కేక వేయగానే అందరూ తాళ్లు ఒక్కసారిగా లాగితే రథం జర్రున జారుతుంది. మంగళగిరి రథం చూసినవాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది.

ఆగస్టు 16 రాత్రి 8 గంటలకి కొండ మీద "దై" అనే అక్షరం మంటలతో వెలుగుతుంది. ఇంటికొచ్చిన పెద్దల ఆత్మల్ని సాగనంపడం అది. మిగతా రోజుల్లో గిన్‌కాకుజి గుడి వెనకనుంచి ఆ అక్షరం దాకా ముక్కాలుగంటలో ఎక్కొచ్చు, ఊరంతా కాళ్ల కింద కనిపిస్తుంది.

గియోన్‌లో మైకోలతో (గీషా కళ నేర్చుకునే అమ్మాయిలతో) ఫొటో దిగొచ్చా?

దారిలో అడ్డంపడి అడగొద్దు, వెంటపడొద్దు. వాళ్లు పనికి వెళ్తున్న ఆడపిల్లలు. కొన్ని ప్రైవేటు సందుల్లోకి బయటివాళ్లు రాకూడదని 2024లో బోర్డులు పెట్టారు, వెళ్తే 10,000 యెన్లు కట్టాలి.

డబ్బు కట్టకుండా చూసేవి ఏమున్నాయి?

పాత రాజభవనం క్యోటో గోషో, రెండు హొంగాన్‌జిలు, షిమొగామో గుడి ముందున్న తదాసు అడవి, కామో గట్టు. మ్యూజియంలలో స్టూడెంట్ ఐడీ చూపించండి, తగ్గింపు ఉంటుంది.

## ఊరు దాటి

జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ కొంటే దేశమంతా తిరగొచ్చటగా?

మీరు కొనలేరు. ఆ పాస్ టూరిస్టుగా కొద్దిరోజులకి వచ్చే విదేశీయులకి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఇవ్వరు. నాకు ఇక్కడ ఒక ట్రావెల్ ఏజెంట్ వీసా ఏదో అడక్కుండానే దాని కూపన్ అమ్మాడు. క్యోటో స్టేషన్ కౌంటర్‌లో అమ్మాయి నా పాస్‌పోర్టు చూసి, రెండుసార్లు వంగి నమస్కరించి, కుదరదని చెప్పింది. డబ్బు వెనక్కి రావడానికి మూడు నెలలు పట్టింది, అదీ కొంత కోసుకుని.

మీకు పనికొచ్చేది సెయిషున్ 18 టికెట్. పేరులో 18 ఉన్నా వయసు పరిమితి లేదు. సెలవుల కాలంలో అమ్ముతారు. వరసగా 3 రోజులు లేదా 5 రోజులు మామూలు జేఆర్ రైళ్లలో ఎంతయినా తిరగొచ్చు, బుల్లెట్ రైలు తప్ప. నేను దాని మీదే హిరోషిమా వెళ్లాను. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నానికి చేరాను, దారిలో స్కూలు పిల్లలు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. 1945 ఆగస్టు 6న బాంబు పడ్డ ఆ ఊళ్లో మ్యూజియం చూసిన రోజు ఇంకేమీ పెట్టుకోకండి. ఇంకేదీ చూడబుద్ధి కాదు.

నారా ఒక్క రోజులో అవుతుందా?

అవుతుంది. జేఆర్‌లో ముప్పావుగంట. పార్కులో వెయ్యికి పైగా జింకలు, వాటి బిస్కెట్లు అక్కడే అమ్ముతారు. మీరు తల వంచితే అవీ వంచుతాయి. బిస్కెట్ దాచి ఊరించారా, చొక్కా పట్టుకుని లాగుతాయి. తోదైజిలో దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుడు. 752లో ఆయనకి కళ్లు దిద్దినది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. కుంచెకి పొడవాటి తాళ్లు కట్టి, వచ్చినవాళ్లందరూ వాటిని పట్టుకున్నారట.

ఉజి ఎందుకు వెళ్లాలి?

మచ్చా టీ కోసం. అరగంట లోపు ప్రయాణం. జేబులో 10 యెన్ల నాణెం తీసి చూడండి, దాని మీదున్న భవనం ఉజిలోనే ఉంది. 1053లో కట్టిన బ్యోదోఇన్. నాణెం పట్టుకుని చెరువు ఒడ్డున నిలబడి పోల్చుకోండి. తర్వాత మచ్చా తాగండి. చేదుగానే ఉంటుంది, ముందు తీపి ముక్క తినేసి తాగాలి.

## తిరిగొచ్చే ముందు

ఇంటికి ఏం తేవాలి?

దాల్చినచెక్క వాసన వచ్చే పల్చటి, మెత్తటి నమ యత్సుహాషి మిఠాయి అందరికీ నచ్చుతుంది, తొందరగా పాడవుతుంది కాబట్టి ఆఖరి రోజు కొనండి. షిచిమి చిన్న డబ్బాలు. మీకోసం అయితే మొదటి వారంలోనే గోషుయిన్ పుస్తకం కొనుక్కోండి. చాలా గుళ్లలో 300 నుంచి 500 యెన్లు తీసుకుని, కుంచెతో గుడి పేరు, తేదీ రాసి ఎర్ర ముద్ర వేస్తారు. నా దాంట్లో 41 ఉన్నాయి. వర్షంలో తడిసిన పేజీ ఏది, పరీక్ష ఎగ్గొట్టాలనిపించిన రోజు ఏది, చూడగానే చెప్పగలను.

నా క్యోటో ఫ్రెండ్ మన ఊరు వస్తానంటోంది. బెజవాడలో చూపించడానికి ఏముంది?

ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు కోపమొస్తుంది. ఉండవల్లిలో కొండని తొలిచి నాలుగంతస్తులు చేశారు, లోపల అనంతశయనుడు. అమరావతిలో మహాచైత్యం ఉంది. దాని సున్నపురాతి శిల్పాల్లో చాలావాటిని లండన్, చెన్నై మ్యూజియంలలో పెట్టారు గానీ చైత్యం నిలబడ్డ నేల మన దగ్గరే ఉంది. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కని బొమ్మగా చెక్కేవాళ్ల పక్కన గంటసేపు కూర్చోబెట్టండి. నా స్నేహితురాలు వచ్చినప్పుడు నాగార్జునకొండ లాంచీలో ఆ అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు. దిగాక, వాళ్ల నానమ్మ రోజూ పొద్దున్న షోషింగె పాడుతుందని చెప్పింది.

తిండికి మొదటి రోజే మిర్చి బజ్జీ పెట్టకండి. పొద్దున్నే వెన్న వేసిన ఇడ్లీ, మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, సాయంత్రం బెసెంట్ రోడ్డు దగ్గర పునుగులు, చట్నీ పక్కన. గోంగూర మూడో రోజు.